బూడిదగడ్డ మీద ప్లాట్లు

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఏ తెలుగు కుటుంబం కొత్తగా పరిచయమైనా నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "జావా నేర్చుకుంటున్నారా, ఒరాకిలా?" ఈ రెండూ కాక మూడోది ఒకటి ఉంటుందని ఎవరికీ తోచేది కాదు. నేను పురావస్తు శాస్త్రం చదివానని చెబితే ముఖాల్లో జాలి కనిపించేది. "పర్వాలేదులెండి, హిస్టరీ వాళ్ళు కూడా టెస్టింగ్‌లో సెట్ అయిపోతున్నారు" అని ఓదార్చేవారు. నాకు ఒళ్ళు మండేది. నేనేమైనా జబ్బుపడ్డానా, ఓదార్చడానికి?

మా ఆయన ఒక బ్యాంకు ప్రాజెక్టులో ప్రోగ్రామరు. పాసిర్ రిస్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. ఆయన చెడ్డవాడు కాదు. కానీ నలుగురిలో నన్ను పరిచయం చేసేటప్పుడు మాత్రం "ప్రస్తుతం ఖాళీగా ఉంది, కోర్సులో జాయిన్ చేస్తున్నా" అని తానే ముందు చెప్పేసేవాడు. నన్ను నిజంగానే కోర్సులో చేర్పించాడు కూడా. మూడో వారానికి మానేశాను. పాఠం అర్థం కాక కాదు. ఆ గదిలో కూర్చున్నంతసేపూ నా చేతులకు మట్టి కావాలనిపించేది.

పెళ్ళికి ముందు కొన్ని చలికాలాలు నేను మా పాలమూరు జిల్లాలో ఒక బూడిద దిబ్బ దగ్గర తవ్వకాల్లో పనిచేశాను. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని బూడిదగడ్డ అనేవారు. ఎప్పుడో రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని చెప్పుకునేవారు. అసలు సంగతి అంతకంటే వింతైనది. నాలుగైదు వేల ఏళ్ళ కిందట, ఇనుమూ రాగీ ఇంకా చేతికి రాని కాలంలో, అక్కడ పశువుల మందలతో బతికిన మనుషులుండేవారు. దొడ్డిలో పేరుకున్న పేడకు ఏటేటా నిప్పు పెట్టేవారు. పండగకో, మొక్కుకో, రోగం పోవడానికో మనకు తెలియదు. తరాల తరబడి కాలిన పేడ చివరికి ఇంటికంటే ఎత్తయిన దిబ్బ అయింది. పొరలు జాగ్రత్తగా విప్పితే, ఒకచోట బూడిద గట్టిపడి దాని మీద ఆవుల గిట్టల ముద్రలు అలాగే ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి తొక్కుకుంటూ నిన్న సాయంత్రమే ఇంటికి మళ్ళినట్టు.

నాకు తవ్వమని అప్పగించిన కందకం మాత్రం దిబ్బ మీద కాదు, తూర్పు పక్కన. అది వాళ్ళ ఆరుబయటి వంటచోటు. బండపలకలు నిలబెట్టి కట్టిన ఒక గుంట, దాని పక్కన నల్లబడిన నేల, చుట్టూ కాలి పగిలిన రాళ్ళ కుప్ప. ఎద్దు తొడ పట్టేంత పెద్ద కుండ వాళ్ళ దగ్గర లేదు కాబట్టి, గుంటలో నీళ్ళు నింపి, నిప్పుల్లో ఎర్రగా కాల్చిన రాళ్ళను అందులో వేసేవారు. నీళ్ళు మరిగేవి, మాంసం ఉడికేది. నీళ్ళు తగిలిన రాయి కొన్నాళ్ళకు పగిలిపోయేది. పగిలినదాన్ని పక్కకు విసిరేవారు. ఆ విసిరిన రాళ్ళే నా పని. ఒక్కొక్కటి కడిగి, తూచి, పగుళ్ళు చూసి సంచుల్లో వేసేదాన్ని. చెప్పుకోవడానికి గొప్ప పనేం కాదు. కానీ నా చేతిలో ఉన్న రాయిని చివరిసారి పట్టుకున్న మనిషి ఆకలితో ఉండి ఉంటుందని, వేడికి వేళ్ళు కాల్చుకుని ఉంటుందని అనుకుంటే ఆ రోజంతా మనసు నిండుగా ఉండేది.

సింగపూర్‌లో ఈ సంగతి వినేవాళ్ళు ఒక్కరే దొరికారు. మా పక్క బ్లాకులో ఉండే హైదరాబాదు ముస్లిం ఆంటీ. భర్త ఇంజినీరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, నాతో తెలుగు. మొదటిసారి నా కందకం గురించి చెప్పినప్పుడు ఆవిడ నవ్వారు.

"అరె బేటీ, రాయి మీద వంట అంటే అంత పెద్ద ముచ్చటనా? మా ఇంట్ల పత్తర్ కా గోష్త్ అట్లనే చేస్తం కదా."

హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య ఒక నల్లరాతి పలక పెట్టుకుని వచ్చారట. విమానాశ్రయంలో ఆపి ఇదేమిటని అడిగితే "పెనం" అన్నారట. ఒక శనివారం మధ్యాహ్నం మేమిద్దరం పాసిర్ రిస్ సముద్రపు ఒడ్డున, పార్కులో ఉండే బార్బెక్యూ పొయ్యి మీద ఆ పలక పెట్టాం. కింద బొగ్గులు. పచ్చి బొప్పాయి, మిరియాలు, అల్లం పట్టించి రాత్రంతా నానబెట్టిన వేటమాంసం ముక్కలు పలక మీద పరుస్తుంటే చుయ్యిమని పొగ లేచింది. చుట్టుపక్కల సాసేజీలు కాల్చుకుంటున్న కుటుంబాలన్నీ మా వైపు తిరిగాయి.

రెండో వాయిలో మాంసం నీరు ఎక్కువగా కారింది. టప్‌మని శబ్దం వచ్చి పలక అడ్డంగా చీలిపోయింది.

ఆంటీ "హాయ్ అల్లా" అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. నేను మాత్రం పిచ్చిదానిలా నవ్వాను. అన్ని చలికాలాలు పగిలిన రాళ్ళను చూశానే గానీ, రాయి పగిలే శబ్దం వినడం అదే మొదటిసారి. ఆ మాట చెబితే ఆవిడ నన్ను అలాగే చూసి, "ముక్కలు చల్లారినాక నువ్వే తీస్కపో. నీకు పనికొస్తయ్" అన్నారు.

ఆ తర్వాత కొద్ది వారాలకే ఆ ఆదివారం వచ్చింది.

లిటిల్ ఇండియాలో ఒక భోజన హోటలు పై అంతస్తు హాల్లో మనవాళ్ళ సమావేశం అన్నారు. హైదరాబాదు నుంచి ఒక రియల్ ఎస్టేట్ ఆయన వచ్చాడు. బెంగళూరు రహదారి మీద కొత్త వెంచరు. మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ అంకుల్ ఆయనకు దండ వేసి, "మనం ఇక్కడ కష్టపడ్తున్నం, అక్కడ మనకో జాగ ఉండాలె గద" అని పరిచయం చేశారు. సాఫ్ట్‌వేర్ బూమ్ రోజులు. హాల్లో అందరి జేబుల్లోనూ మొబైళ్ళు మోగుతున్నాయి. మూడేళ్ళ కిందట ఉద్యోగాలు వెతుక్కున్న కుర్రాళ్ళు కూడా క్లబ్ హౌసులో ఈతకొలను ఉంటుందా లేదా అని అడుగుతున్నారు. తెర మీద వీడియో వేశారు.

మొదట రోడ్డు. తర్వాత ఆర్చి. తర్వాత కెమెరా పక్కకు తిరిగింది. అక్కడ ఒక గుండుబండ, దాని నెత్తిన ఇంకో బండ, ఇప్పుడో అప్పుడో పడిపోయేలా. ఆ రెండు బండల నీడలో నేను ఎన్ని మధ్యాహ్నాలు సద్ది తిన్నానో నాకే తెలుసు. ఆ బండలకు కుడివైపు బూడిదగడ్డ ఉండాలి. తెర మీద అక్కడ చదునైన ఎర్రమట్టి, సున్నపు గీతలు, రంగు జెండాలు.

నేను లేచి నిలబడ్డాను.

"ఆ బండల పక్కన ఒక దిబ్బ ఉండాలి. ఏమైంది?"

ఆయన సంతోషపడ్డాడు, నేను ఆ చుట్టుపక్కల మనిషినని అనుకుని. "మీకెట్ల ఎరుక మేడమ్? ఉండె, ఒక పెద్ద బూడిద కుప్ప. ఏం పరేషాన్ పడకండి, మొత్తం జేసీబీ పెట్టి లేపేసినం. కొంత రైతులు ఎరువుకు తీస్కపోయిన్రు, మిగిలింది పల్లంల నింపేసినం. ఇప్పుడు లెవల్ సూపర్ ఉన్నది."

"దాని తూర్పున రాళ్ళ కుప్ప?"

"రోడ్డు కింద కొట్టేసినం. వేస్ట్ చేయలే."

"అది నాలుగు వేల ఏళ్ళ నాటిదండీ. మన దక్షిణాదిలో పశువుల్ని కాచిన మొదటి మనుషులు వండుకు తిన్న చోటు. మీరు దాన్ని రోడ్డు కింద కొట్టారు."

వెనక నుంచి ఎవరో అన్నారు: "అయితే వాస్తు బ్రహ్మాండం. ఆగ్నేయంలో వంటిల్లు రెడీగా ఉంది." హాలంతా గొల్లున నవ్వింది. నవ్విన వాళ్ళలో నా ఇంట్లో నా చేతి భోజనం తిన్నవాళ్ళున్నారు. ప్రెసిడెంట్ అంకుల్ చెయ్యి ఊపి, "కూసో అమ్మా, కూసో. సెంటిమెంట్లు తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. మా ఆయన నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగాడు. నేను కూర్చోలేదు. కొంగు విడిపించుకుని బయటికి వచ్చేశాను.

ఆయన ట్రైన్ స్టేషన్ దగ్గర నన్ను అందుకున్నాడు. పాసిర్ రిస్ చివరి స్టేషన్. అక్కడికి వచ్చేసరికి రైలుపెట్టె దాదాపు ఖాళీ అయింది. అప్పుడు నోరు విప్పాడు.

"అంతమందిల నా పరువు తీసినవ్. కొన్ని రాళ్ళ కోసం."

"అవి రాళ్ళు కాదు. పొయ్యి."

"ఏదైతే ఏంది. పోయినయ్ కదా. ఇప్పుడు అరిస్తే వస్తయా?" అని కిటికీ వైపు తిరిగి, మెల్లగా అన్నాడు: "నేను పోయిన వారమే ఒక ప్లాటు బుక్ చేసిన. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్న. మీ జిల్లానే కదా, సంతోషపడ్తవనుకున్న."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ రోజు మొదటిసారి "నువ్వు" అన్నాను. "నువ్వు నా పొయ్యి మీద ప్లాటు కొన్నావా?" అని రైలు దిగుతూనే ప్లాట్‌ఫామ్ మీద గట్టిగా అరిచాను. ఎదుటి బెంచీ మీద కూర్చున్న ఒక చైనీస్ ముసలాయన ఉలిక్కిపడి తన సంచి దగ్గరకు లాక్కున్నాడు.

మర్నాడు మా తవ్వకాలు నడిపించిన సారుకు హైదరాబాదుకు ఫోన్ చేశాను. ఆయనకు తెలిసి ఉండదని, తెలిస్తే కోర్టుకు వెళ్తారని నా నమ్మకం. ఆయన నింపాదిగా విన్నారు.

"తెలుసమ్మా. వాళ్ళు మొదలుపెట్టినప్పుడే ఒకరు వచ్చి చెప్పారు. అది రక్షిత స్థలం కాదు. మన ప్రతిపాదన ఫైల్లోనే ఉండిపోయింది. మనం ఏం చేస్తాం?"

"పేపర్లో రాయవచ్చు కదా సార్. కనీసం మన రిపోర్టు వచ్చి ఉంటే..."

"రిపోర్టు రాస్తానమ్మా. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుంటాను."

నాకు జేసీబీ నడిపినవాడి మీద అంత కోపం రాలేదు. వాడికి బూడిద కనిపించింది, ఎత్తాడు. ఈయనకు అది ఏమిటో తెలుసు. మాకు పాఠం చెప్పింది ఈయనే. ఆ గిట్టల ముద్రలు చూపించి గొంతు గద్గదమైన మనిషి ఈయనే. ఫోన్ పెట్టేశాక వంటింట్లో స్టీలు గిన్నె ఒకటి నేలకేసి కొట్టాను. కింది ఫ్లాటువాళ్ళు పైకి వచ్చి ఏమైందని అడిగారు.

వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆంటీ ఒక్కరే రోజూ వచ్చి కూర్చునేవారు. ఒకరోజు నేను చెప్పిందంతా విని, "ఏడిస్తే ఏం ఫాయిదా లేదు బేటీ. చూపియ్యి. కళ్ళతోని చూడనోళ్ళకు ఎట్ల తెలుస్తది?" అన్నారు.

చూపించడానికి చోటు దొరికింది. సంఘం వాళ్ళ వార్షిక పిక్నిక్ ఆ నెలలోనే, పాసిర్ రిస్ పార్కులోనే. నేను చెట్లమ్మే నర్సరీకి వెళ్ళి గట్టి కంకరరాళ్ళు కొన్నాను. బాల్కనీలో ఎండబెట్టాను, ఎందుకంటే తడి రాయిని నిప్పుల్లో వేస్తే పేలి కళ్ళలో పడుతుంది. పార్కులో గుంట తవ్వకూడదు కాబట్టి, ఆంటీ దావత్‌లకు వండే తన పెద్ద గిన్నె, దేగ్చా తెచ్చారు. అందులో నీళ్ళు పోసి, చిలగడదుంపలూ మొక్కజొన్న కంకులూ వేశాం. బార్బెక్యూ పొయ్యిలో రాళ్ళు కాల్చి, పొడుగు పట్టకారుతో ఒక్కొక్కటి నీళ్ళలోకి దింపాను. మొదటి రాయి బుస్సుమంది. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళను ఒక బారెడు వెనక్కి నిలబెట్టాను.

"ఆంటీ, గ్యాస్ పెట్టొచ్చు కదా లా. సో ట్రబుల్‌సమ్!" అంది ఒక పిల్ల, సింగపూర్ ఇంగ్లీషు యాసలో.

"గ్యాస్ లేనప్పుడు మనుషులు ఏం తిన్నారు మరి?"

"మెక్‌డొనాల్డ్స్?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీళ్ళు మరిగాయి. గిన్నె కింద మంట లేకుండా నీళ్ళు తెర్లుతుంటే ఆ పిల్లల కళ్ళు చూడాలి. రాళ్ళు చల్లారినవి తీసి, వేడివి వేసి, దుంపలు ఉడికేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. వాళ్ళకు మొత్తం చెప్పాను. ఆవులు, పేడ, బూడిద, ఎద్దు తొడ, రాళ్ళ కుప్ప. "కెన్ గో అండ్ సీ?" అని అడిగింది ఆ పిల్ల.

నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. "చూడలేం. దాన్ని తవ్వి పారేశారు. ఇప్పుడు దాని మీద ప్లాట్లు వేశారు. మీలో కొందరి నాన్నలు అక్కడ కొన్నారు. మా ఇంట్లోనూ కొన్నారు."

పిల్లలు ఊరుకుంటారా? దుంపలు పట్టుకుని నేరుగా బిర్యానీ వరుస దగ్గరికి వెళ్ళారు. "డాడీ, యూ బాట్ ద కేవ్‌మాన్ కిచెన్ ఆ?" అన్న కేక నా పొయ్యి దాకా వినిపించింది.

ప్రెసిడెంట్ అంకుల్ విసురుగా వచ్చారు. వెనక ఇంకో నలుగురు.

"ఏందమ్మా ఇది? పిల్లల మనసులు కరాబ్ చేస్తున్నవ్?"

"ఉన్నదే చెప్పాను అంకుల్."

"మనం ఇంత దూరం వచ్చి నాలుగు రాళ్ళు ఎనకేసుకుంటుంటే..."

"నేనూ ఆ రాళ్ళ గురించే మాట్లాడుతున్నాను."

"వెటకారమా? నీకు పని లేదు, నౌకరీ లేదు. ఇంట్ల ఖాళీగ కూసుంటే ఇట్లాంటివే తోస్తయ్. కంప్యూటర్ నేర్వమ్మా, మంచిగ బతుకుతవ్."

అన్నాళ్ళుగా గొంతులో పేరుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. "నాకు పని ఉండేది. ఆ పనిచేసిన చోటును మీరు దండ వేసి మరీ అమ్మించారు. నేను ఖాళీగా లేను. నా పని మీరు లేకుండా చేశారు. ఇంకోసారి నన్ను జావా నేర్చుకోమన్నవాళ్ళ ఇంటి గడప తొక్కను." ఇంతకంటే ఎక్కువే అన్నాను. కొన్ని మాటలు రాయదగ్గవి కావు. అన్నందుకు ఈ రోజుకీ బాధ లేదు.

ఆంటీ నా పక్కకొచ్చి నిలబడ్డారు, చేతిలో పట్టకారుతో. మా ఆయన దూరంగా చెట్టు కింద ఉన్నాడు. ఏ వైపు వస్తాడో నాకు తెలియదు. మెల్లగా నడిచి వచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. దేగ్చాలోంచి ఒక చిలగడదుంప తీసుకుని, తొక్క వలిచి, అక్కడే నిలబడి తిన్నాడు. నాకు అది చాలలేదు. ఒక్క మాట నా పక్షాన మాట్లాడతాడని ఎదురుచూశాను. కానీ ఆయన తినడం చూసి అంకుల్ వెనుదిరిగారు.

ఆ తర్వాత మమ్మల్ని ఏ ఫంక్షనుకూ పిలవలేదు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. నా మాటకు వెనక్కి తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. కొన్నాళ్ళకు బూమ్ చల్లబడి, ఉద్యోగాలు పోయి, నవ్విన వాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. అందుకు నేను సంతోషించలేదు గానీ, జాలిపడ్డానని చెబితే అబద్ధమవుతుంది.

సారుకు మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేసి, విసిగించి, నా కందకం డ్రాయింగులు పోస్టులో తెప్పించుకున్నాను. మా డైనింగ్ టేబుల్ మీద ఆ వంటచోటు గురించి నేనే రాశాను. ఆంటీ ఇచ్చిన పలక ముక్కల పగుళ్ళనూ, నా కందకంలోని పగుళ్ళనూ పోల్చి బొమ్మలు వేశాను. అది ఒక చిన్న పత్రికలో అచ్చయింది. మొదటి పేరు సారుది, రెండోది నాది. ఆయన ఒక్క వాక్యం కూడా రాయలేదు. అచ్చుప్రతి చేతికొచ్చిన రోజు మా ఆయన స్వీట్లు తెచ్చాడు. నేను ముట్టుకోలేదు.

మా ప్లాటు చూడటానికి ఒకసారి సెలవుల్లో వెళ్ళాం. నేను ఆర్చి దగ్గరే కారులో కూర్చున్నాను. ఆయన ఒక్కడే లోపలికి వెళ్ళి చాలాసేపు తిరిగాడు. అక్కడెవరో సెప్టిక్ ట్యాంకు కోసం తవ్విస్తున్నారట. ఎర్రమట్టి కింద తెల్లటి బూడిద పొర ఇంకా ఉందని, మా ప్లాటు వైపే పోతోందని తిరిగొచ్చాక చెప్పాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూడకుండా "అమ్మేద్దామా?" అన్నాడు.

"అమ్మితే కొన్నవాడు తవ్వుతాడు. ఉండనివ్వండి."

ఉండనిచ్చాం. చుట్టూ ఇళ్ళు లేచాయి. మా ప్లాటులో సర్కారు తుమ్మ ఏపుగా పెరిగింది. పాములొస్తున్నాయని, కాలనీ అందం చెడుతోందని, వెంటనే చదును చేయించమని అక్కడి సంఘం వాళ్ళు మాకు నోటీసులు పంపుతూనే ఉన్నారు. తుమ్మను నేలమట్టానికి కొట్టించడానికి ఏటా కూలీలను పంపిస్తాను. వేళ్ళు పెకిలించవద్దని, పార నేలకు తగలనివ్వవద్దని గట్టిగా చెప్పి పంపిస్తాను. ఎందుకమ్మా అని అడిగితే, అది నా జాగా, నా ఇష్టం అంటాను.